మీకు తెలుసా? మూత్రంలో దొరికే క్యాన్సర్ ఆనవాళ్లు

మూత్రాశయ క్యాన్సర్‌కు తొలి గుర్తు చాలామందిలో నొప్పి లేకుండా మూత్రంలో రక్తం పడటమే. కణితి నుంచి మూత్రంలోకి చేరే ప్రొటీన్లను, మారిన కణాలను పట్టుకునేవే ట్యూమర్ మార్కర్ పరీక్షలు. వీటికి ముందున్నది సైటాలజీ. మూత్రంలోని కణాలను మైక్రోస్కోపు కింద చూసి ఈ క్యాన్సర్‌ను గుర్తించవచ్చని పాపనికొలావు, మార్షల్ 1945లో చూపారు. వేగంగా ముదిరే కణితులను అది బాగానే పట్టిస్తుంది, నెమ్మదిగా పెరిగేవాటిని తరచూ వదిలేస్తుంది.

ఆ లోటు పూడ్చడానికే మార్కర్లు వచ్చాయి. ఎన్ఎంపీ22 పరీక్ష కణకేంద్రకం నుంచి వచ్చే ఒక ప్రొటీన్‌ను చూస్తుంది. ఫిష్ పరీక్ష 3, 7, 17 క్రోమోజోముల అదనపు ప్రతులను, 9వ క్రోమోజోములో పోయిన ముక్కను మెరిసే రంగులతో బయటపెడుతుంది.

చిక్కల్లా తప్పుడు పాజిటివ్‌లతోనే. రాళ్లున్నా, ఇన్ఫెక్షన్ ఉన్నా ఎన్ఎంపీ22 పాజిటివ్ రావచ్చు. ఎండ ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో, నీళ్లు చాలినంత తాగనివారిలో రాళ్లు అరుదేమీ కాదు. అందుకే కెమెరా గొట్టంతో మూత్రాశయం లోపల చూసే సిస్టోస్కోపీని ఏ మార్కరూ తప్పించలేకపోయింది.

ఈ క్యాన్సర్ తిరగబెట్టే గుణం ఎక్కువ. చికిత్స తరువాత మొదటి సిస్టోస్కోపీ సాధారణంగా మూడో నెలలో చేస్తారు. మార్కర్ నెగటివ్ వచ్చినా మూత్రంలో రక్తం కనిపిస్తే సిస్టోస్కోపీ మానకూడదు. బీడీ, సిగరెట్ తాగేవారైతే మరీను.