కంది పంటకాలాన్ని నిర్ణయించేది విత్తిన తేదీ

రకాల పట్టికలలో పంటకాలం ఒక స్థిరమైన సంఖ్యగా కనిపిస్తుంది. మధ్యకాలిక, దీర్ఘకాలిక కంది రకాలకు ఆ సంఖ్య ఖరీఫ్‌లో సకాలంలో విత్తినప్పుడే వర్తిస్తుంది. జూన్‌లో విత్తితే 170 నుండి 180 రోజులు తీసుకునే రకమే సెప్టెంబరులో విత్తినప్పుడు నెల రోజులకు పైగా ముందుగా కోతకు వస్తుంది. రకం మారలేదు; మారినది రాత్రి నిడివి.

కంది హ్రస్వ దీప్తికాలపు మొక్క. ఈ పేరు విద్యార్థులను కొంత తప్పుదోవ పట్టిస్తుంది. పగటి నిడివికి, పూతకు గల సంబంధాన్ని 1920లో గార్నర్, అల్లార్డ్ పొగాకు, సోయాచిక్కుడు పైర్లపై వెల్లడించారు. అయితే మొక్క కొలిచేది ప్రధానంగా ఎడతెగని చీకటినని 1938లో హామ్నర్, బానర్ మరులమాతంగిపై జరిపిన ప్రయోగాలు తెలిపాయి. దీర్ఘ రాత్రి మధ్యలో కొద్దిసేపు వెలుతురు పడితే ఆ మొక్క పూయలేదు. వీధిదీపం కింద ఉన్న సోయాచిక్కుడు మొక్కలు, తోటివి పండిపోయినా, పచ్చగా నిలిచి ఉండటానికి కారణం ఇదే. వెలుతురును గ్రహించేది ఆకులలోని ఫైటోక్రోమ్. పూతకు ప్రేరణనిచ్చే ప్రోటీను ఆకు నుండి పోషక కణజాలం ద్వారా కొనమొగ్గకు చేరుతుంది.

హైదరాబాదు అక్షాంశంలో అతి దీర్ఘమైన పగలు సుమారు 13 గంటల 10 నిమిషాలు, అతి హ్రస్వమైనది సుమారు 11 గంటలు. ఈ రెండు గంటల తేడాయే కందికి చాలును. జూన్‌లో మొలచిన మొక్క రాత్రులు తగినంత పెరిగేలోగా ఎత్తుగా ఎదిగి, విస్తారంగా కొమ్మలు వేస్తుంది. సెప్టెంబరులో మొలచిన మొక్కకు ఆ గడువు లభించదు. పొట్టిగా, కొద్ది కొమ్మలతోనే పూతకు వస్తుంది. మొక్కకు వచ్చే కాయలు తగ్గుతాయి కనుక ఆ లోటును మొక్కల సంఖ్యతోనే పూరించాలి. ఖరీఫ్‌లో నల్లరేగడి నేలలకు చెప్పే 150 నుండి 180 సెం.మీ. సాళ్ల దూరాన్నే రబీలోనూ పాటిస్తే సాళ్ల నడుమ నేల ఖాళీగా మిగులుతుంది. వర్షాధార రబీ కందికి 45 నుండి 60 సెం.మీ. చాలును, విత్తన మోతాదును కూడా తదనుగుణంగా పెంచాలి. అదనపు నత్రజనితో దీనిని సరిదిద్దలేము. విత్తనం నాసిరకమన్న ఫిర్యాదు వచ్చినప్పుడు మొదట అడగవలసినది విత్తిన తేదీ, ఆపైన సాళ్ల దూరం.

నార కోసం పెంచే గోగుదీ ఇదే స్వభావం. ఆలస్యంగా విత్తితే మొక్క ఎదగకుండానే పూతకు వచ్చి నార పొడవు తగ్గుతుంది. అక్కడ దగ్గరగా విత్తినంత మాత్రాన పొడవు రాదు కనుక తొలకరిలో విత్తడమే మార్గం.

పూతపై ఉష్ణోగ్రత ప్రభావమూ ఉన్నది. కొన్ని స్వల్పకాలిక కంది రకాలు పగటి నిడివికి అంతగా స్పందించవు. అందువలన కొత్త రకాన్ని రబీకి సిఫారసు చేసే ముందు దానిని పక్షం రోజుల ఎడంతో నాలుగైదు తేదీలలో విత్తి, సగం మొక్కలు పూతకు వచ్చిన రోజును, అప్పటి మొక్క ఎత్తును నమోదు చేయడం అవసరం.