ఇంజనుకు తగిన వేడి

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణములో రాత్రియంతయు నిలిచి చల్లారిన కారు, ప్రొద్దుట చెట్లనీడల బాటవెంట తార్నాక కూడలికి సాగునప్పుడు, దాని ఇంజనుకు మొదట వేడి చాలదు. వేసవి యెండలో ఆ కూడలి సమ్మర్దమున చిక్కుకొన్నచో ఎదురుగాలి తగులక వేడి మితిమీరజూచును. ఈ రెంటినుండియు ఇంజనును కాపాడి, దానిని ఇంచుమించు 90 డిగ్రీలయొద్ద నిలుపుటయే శీతలీకరణ వ్యవస్థ చేయవలసిన పని.

పెట్రోలు మండగా పుట్టిన శక్తిలో, స్థూలముగా, మూడవవంతు మాత్రమే బండిని నడుపును. తక్కినది పొగగొట్టముగుండను, రేడియేటరుగుండను వెడలిపోవును. ఇంజను చల్లగా నున్నంతసేపు నూనె చిక్కబడి రాపిడి హెచ్చును, పెట్రోలు సరిగా ఆవిరి కాదు, కావున అదనముగా పోయవలసివచ్చును. తార్నాకనుండి ఆర్ట్స్ కళాశాల వరకు మాత్రమే పోయివచ్చు కారు ఎక్కువ పెట్రోలు త్రాగుటకు కారణమిదియే.

ఈ వ్యర్థమును తగ్గించునది థర్మోస్టాటు. అరచేతిలో ఇమిడెడి యీ కవాటము నడుమ మైనము నింపిన చిన్న లోహపు గొట్టముండును. నీరు చల్లగా నున్నప్పుడు కవాటము మూసికొని, నీటిని ఇంజనులోనే త్రిప్పి త్వరగా వేడెక్కనిచ్చును. 80 డిగ్రీలు దాటిన పిదప మైనము కరిగి, ఉబ్బి, స్ప్రింగును నెట్టి రేడియేటరు దారి తెరచును. రేడియేటరు మూత లోపలి ఒత్తిడిని నిలుపుటచే, 100 డిగ్రీలకు మరగవలసిన నీరు 120 వరకు మరగకుండును. కూలెంటు కలిసినచో ఆ హద్దు మరికొంత పెరుగును.

పూర్వము ఫ్యానును, పంపును ఇంజనే బెల్టుతో సదా త్రిప్పుచు, అవసరము లేనప్పుడును తన శక్తిని వెచ్చించెడిది. నేడు విద్యుత్ ఫ్యాను కూడలిలో నిలిచినప్పుడు తిరిగి, బండి వేగమందుకొనగానే ఆగును. 2009లో వచ్చిన మూడవతరపు టయోటా ప్రియస్‌లో నీటిపంపు సైతము విద్యుత్తుతోనే తిరిగినది. కొన్ని కార్లలో కంప్యూటరు, భారము తక్కువైనప్పుడు రాపిడి తగ్గుటకై ఇంజనును మరికొంత వేడిగా నుంచి, భారము పెరిగినప్పుడు చల్లబరచును.

"ఎండాకాలం కదా సార్, థర్మోస్టాట్ తీసేద్దాం" అని మెకానిక్కు సలహా యిచ్చుట మన నగరములో నేటికిని కలదు. దయచేసి అంగీకరింపకుడు. చెడినచో క్రొత్తది వేయించుకొనుడు. ఉప్పుదేల్చు బోరునీటికి బదులు తయారీదారు చెప్పిన కూలెంటునే పోయించుడు. ఇంజను వేడిగా నున్నప్పుడు మాత్రము మూత విప్పకుడు.