వార్తల్లో పదం: ఐడా

తెలంగాణలోని మోతె రైతు ఎదురుచూసేది శ్రీరామసాగర్ కాలువ నీటి కోసం. ఆ ప్రాజెక్టు కాలువల బాగుకు 1990లలో డబ్బిచ్చిన సంస్థల్లో ఐడా ఒకటి. పూర్తి పేరు అంతర్జాతీయ అభివృద్ధి సంఘం. 1960లో ఏర్పడిన ఈ ప్రపంచ బ్యాంకు విభాగం అత్యంత పేద దేశాలకు దశాబ్దాల గడువుతో నామమాత్రపు వడ్డీకి అప్పులిస్తుంది. అప్పుల్లో కూరుకుపోయిన దేశాలకైతే తిరిగి కట్టక్కర్లేని గ్రాంటు ఇస్తుంది.

ప్రపంచ బ్యాంకు అప్పులన్నీ ఇలాంటివి కావు. నాగార్జునసాగర్ కాలువల ఆధునికీకరణకు 2010లో వచ్చిన సుమారు 45 కోట్ల డాలర్లు ప్రపంచ బ్యాంకులోనే మరో విభాగమైన ఐబీఆర్‌డీ ఇచ్చిన రుణం. కోదాడ, మిర్యాలగూడ వైపు పారే ఎడమ కాలువ ఆ పథకంలోదే. ఐబీఆర్‌డీ రుణాల వడ్డీ మార్కెట్‌కు దగ్గరగా ఉంటుంది.

ఒకప్పుడు ఐడా సాయం అత్యధికంగా పొందిన భారత్ 2014లో ఆ అర్హత దాటింది, దాతల వరుసలోనూ చేరింది. ఇది మనం గర్వపడాల్సిన మలుపు.

ఐడా నిధిని మూడేళ్లకోసారి దాతలు నింపుతారు. 2024 డిసెంబరులో సియోల్‌లో వారు 2,370 కోట్ల డాలర్లు ప్రకటించారు. దాని ఆధారంగా ఐడా మార్కెట్లో అప్పు తెచ్చి, మొత్తం 10,000 కోట్ల డాలర్లు సమకూర్చనుంది. సంపన్న దేశాలు ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలి.