మొటిమల వయసులో ఇంట్లో మాటలు



గ్రూప్ ఫోటో అనగానే తొమ్మిది, పది తరగతుల పిల్లల్లో కొందరు వెనక వరుసలోకి జారుకుంటారు, నుదుటి మీదికి జుట్టు లాక్కుంటారు. మీ పాపో బాబో ఈమధ్య పెళ్ళిళ్ళకు రానంటున్నా, వీడియో కాల్‌లో కెమెరా ఆపేస్తున్నా, స్కూల్ బస్సు వచ్చే వేళకు ఇంకా అద్దం దగ్గరే ఉంటున్నా సోకులని కోప్పడకండి. కారణం మొటిమలు కావచ్చు.

యుక్తవయసులో ఆండ్రోజన్ హార్మోన్లు పెరిగి చర్మంలోని నూనె గ్రంథులు ఎక్కువ జిడ్డును తయారుచేస్తాయి. ఆ జిడ్డు, మృతకణాలు కలిసి చర్మరంధ్రాలను మూసేస్తాయి. లోపల బ్యాక్టీరియా పెరిగి వాపు వస్తుంది. మొహం సరిగ్గా కడుక్కోకపోవడం వల్ల వచ్చే జబ్బు కాదిది. అందుకే 'శుభ్రంగా ఉండవు' అనే మాట పిల్లలకు అంత కష్టంగా ఉంటుంది. రోజుకు నాలుగైదుసార్లు సబ్బుతో రుద్దితే చర్మం ఎండిపోయి మంట పుడుతుంది. తేలికైన ఫేస్‌వాష్‌తో రెండుసార్లు కడిగితే చాలు.

ఇక అసలు విషయం. బయట స్నేహితుల ఎగతాళి ఎలాగూ ఉంటుంది. ఇంట్లో మనం ప్రేమతోనే అనే మాటలు కూడా అక్కడే వెళ్ళి తగులుతాయి. 'అయ్యో, ఇవాళ ఇంకోటి వచ్చిందే!', 'గిల్లకని ఎన్నిసార్లు చెప్పాలి?', 'మీ అక్కకి ఇలా లేవే' లాంటివి. అద్దంలో అప్పటికే పదిసార్లు చూసుకున్న మనిషికి మనం కొత్తగా చెప్పే సమాచారమేమీ లేదు. బడి నుంచి రాగానే చూపు మొహం మీద ఆపకుండా, తిన్నావా, మ్యాచ్ ఏమైంది అని అడగండి. 'ఈ వయసులో మామూలేలే' అని కొట్టిపారేయడమూ వద్దు. 'నీకు ఇబ్బందిగా ఉందా? డాక్టర్ దగ్గరికి వెళ్దామా?' అని ఒక్కసారి అడిగి, జవాబు కోసం ఆగండి.

చుట్టాలతో మరో చిక్కు. 'ఎవరి మీద మనసు పడ్డావేంటి?' అని మావయ్య సరదాగానే అంటారు. 'మొహమంతా ఇలా అయితే రేపు పెళ్ళెలా?' అని పెద్దమ్మ నిజంగానే బాధపడతారు. అప్పుడు పిల్లల ఎదుటే, మర్యాదగా, 'డాక్టర్‌కి చూపిస్తున్నాం పెద్దమ్మా, ఆ సంగతి మేం చూసుకుంటాం' అనండి. మీరు తన పక్షాన ఉన్నారని పిల్లలకు తెలిసేది ఇలాంటప్పుడే.

టూత్‌పేస్ట్, నిమ్మరసం పూయించకండి, చర్మం కందిపోతుంది. తలకు పెట్టిన నూనె నుదుటికి దిగినా అక్కడ మొటిమలు పెరగవచ్చు. అన్నింటికంటే ప్రమాదం, మందుల షాపులో అడిగి తెచ్చే స్టెరాయిడ్ కలిసిన 'తెల్లబడే' క్రీములు. నాలుగు రోజులు మొహం నున్నగా కనిపిస్తుంది, ఆపగానే మొటిమలు మరింత ఎక్కువగా తిరగబడతాయి. లోతైన, నొప్పి పెట్టే మొటిమలున్నా, మచ్చలు పడుతున్నా చర్మవైద్యులను కలవండి. అమ్మాయిల్లో నెలసరి క్రమం తప్పుతూ, మొహం మీద వెంట్రుకలు కూడా పెరుగుతుంటే పీసీఓఎస్ పరీక్ష గురించి అడగండి. చికిత్స ఫలితం కనిపించడానికి సాధారణంగా 8 నుంచి 12 వారాలు పడుతుంది. ఈ సంగతి పిల్లలకు ముందే చెప్పకపోతే రెండో వారానికే ట్యూబ్ అటక ఎక్కుతుంది.

రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, నిద్ర, తిండి, చదువు దెబ్బతింటుంటే మా స్కూల్ కౌన్సెలర్‌తో మాట్లాడండి. చనిపోవాలనుందనే మాట నోట వస్తే మాత్రం వారాలు లెక్కపెట్టకండి, బెదిరింపు అనుకోకండి. పిల్లలను ఒంటరిగా వదలకుండా వెంటనే వైద్య సహాయం తీసుకోండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.