కొండసైకిలుపై విశాఖ నుండి భీమిలికి

భారతదేశపు తూర్పు తీరము చాలభాగము సమతలము. గోదావరీ కృష్ణానదులు సహస్రాబ్దులుగా మోసికొనివచ్చి పరచిన ఒండ్రునేలపై ఎంతదూరము పోయినను మిట్టపల్లములు కంటికి ఆనవు. అట్టి తీరము విశాఖపట్టణమును సమీపించుసరికి ఒక్కసారిగా స్వభావమును మార్చుకొనును. తూర్పుకనుమల శాఖలు కొన్ని సముద్రముదాక సాగివచ్చి, దక్షిణమున యారాడకొండ మొదలు ఉత్తరమున భీమునిపట్టణముపై నిలిచిన పావురాళ్లకొండ వరకు, ఒకదాని వెనుక నొకటిగా అలలకు ఎదురొడ్డి యుండును. నగరమునుండి భీమిలి పోవు బీచిరోడ్డు పొడవు పాతిక ముప్పది కిలోమీటర్లే. కాని ఆ కొద్దిదూరములో బౌద్ధవిహారముల శిథిలములు, హిమయుగమునాటి ఇసుకదిబ్బలు, డచ్చివర్తకుల గోరీలు, జాలరిపల్లెలు ఒకదాని ప్రక్కన నొకటి యున్నవి. కారులో పోవువానికి ఇవి కిటికీలో దాటిపోవు దృశ్యములు. పాదచారికి ఒక దినమున తెమలనివి. ఈ రెండింటికి నడుమనుండు వేగమును, తారురోడ్డు విడిచి మట్టిబాట పట్టు స్వాతంత్ర్యమును కోరువానికి మౌంటెన్ బైకు, అనగా కొండసైకిలు, తగిన వాహనమని నా అభిప్రాయము.

ఈ సైకిలు పుట్టుకయే వినోదకరమైనది. 1970వ దశకమున అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రపు టమల్పాయిస్ కొండమీదికి కొందరు యువకులు పాతకాలపు లావుటైర్ల సైకిళ్లను చేర్చి, అచ్చటినుండి మట్టిబాటల వెంబడి దిగువకు పందెములు తోలుచుండిరి. ఆ దిగుడులో బ్రేకు రాపిడికి వెనుకచక్రపు హబ్బులోని గ్రీజు కరగి పొగయైపోగా, పందెము ముగిసిన ప్రతిసారియు దానిని మరల నింపవలసివచ్చెడిది. ఇట్టి అవస్థల నడుమనే జో బ్రీజ్ అను నతడు 1977లో కొండబాటలకై ప్రత్యేకముగా ఒక చట్రమును నిర్మించెను. గేరీ ఫిషర్, టామ్ రిచీ మున్నగువారు ఇట్టి సైకిళ్లను అంగడిలోనికి తెచ్చిరి. 1996 అట్లాంటా ఒలింపిక్సులో ఈ క్రీడకు స్థానము లభించెను. రెండంగుళములు, అంతకు మించిన వెడల్పుగల గరుకుటైర్లు, ముందుచక్రమునకు తగులు దెబ్బను మ్రింగివేయు ఫోర్కు, బురదలోను పట్టు విడువని డిస్కుబ్రేకులు, నిట్టనిలువు ఎక్కుడునుసైతము సాధ్యము చేయు చిన్నగేర్లు, వీనివలననే అది మామూలు సైకిలు వెనుదిరుగుచోటనుండి తన ప్రయాణమును మొదలిడగలుగుచున్నది.

నగరము విడుచునప్పుడు తొలుత ఎదురగునది కైలాసగిరి. దాని ఘాటురోడ్డు నునుపైనదే యైనను ఊపిరి పరీక్షింపదగినది. పైనుండి చూచినప్పుడు వంపుతిరిగిన తీరరేఖ యంతయు పటమువలె కనబడును గనుక, పోబోవు దారిని ముందుగా కన్నులతో కొలుచుకొనుటకు ఇంతకు మించిన చోటు లేదు. ఋషికొండవద్ద జనసమ్మర్దము, ఫలహారశాలలు సమృద్ధిగా నున్నవి; సైకిలువానికి అంతకుమించిన పని అక్కడ లేదు. లోపలివైపున కంబాలకొండ అభయారణ్యము చూచి ఆశపడువారు, అది దాదాపు 70 చదరపు కిలోమీటర్ల రక్షితారణ్యమనియు, అందు చిరుతపులులు కలవనియు, అటవీశాఖ అనుమతిలేక చక్రము మోపరాదనియు గుర్తుంచుకొనవలెను.

మంగమారిపేట దరిని రోడ్డు విడిచి ఎడమకు మళ్లినచో తొట్లకొండ ఎక్కుడు ఆరంభమగును. నూటయిరువది మీటర్లకు పైబడిన ఈ కొండ శిరస్సున, క్రీస్తుకు పూర్వము మూడవ శతాబ్దము మొదలు క్రీస్తు తరువాత మూడవ శతాబ్దము వరకు హీనయాన భిక్షువుల సంఘారామము వర్ధిల్లెను. నౌకాదళమువారు స్థావరమునకై విమానమునుండి సర్వే చేయుచుండగా బయల్పడిన ఈ స్థలమును రాష్ట్ర పురావస్తుశాఖ 1988 నుండి 1993 వరకు త్రవ్వించెను. మహాస్తూపము, చైత్యగృహములు, భిక్షువుల గదుల వరుసలు, భోజనశాల, వర్షపునీటిని నిలువచేయుటకు రాతిలో తొలిచిన తొట్లు, వీనితోపాటు శాతవాహనుల నాణెములును రోమను వెండినాణెములును అచ్చట దొరకినవి. ఐహికమును త్యజించినవారి చెంత రోమక చక్రవర్తుల వెండి ఏల యుండెనని విస్మయపడువారు పైనుండి సముద్రమువైపు ఒకసారి చూచినచో చాలును: ఓడవర్తకులకు దూరమునుండియే కనబడు చోటున విహారము కట్టినవారు దాతలను గూర్చి ఆలోచింపలేదనుట కష్టము. సమీపమునగల బావికొండయు ఈ కోవకు చెందినదే. ఈ ఎక్కుడులో చక్రము క్రింద కరకరలాడు ఎర్రని గులకరాయి, కొండలైటు అను శిల శిథిలమై ఏర్పడినది. దిగునప్పుడు అది గింజలవలె జారును. శరీరమును జీనుకు వెనుకగా నుంచి, రెండుబ్రేకులను మెత్తగా ఆడించుచు దిగవలెనే గాని ముందుబ్రేకును ఒక్కపట్టున నొక్కినవాడు సైకిలుకన్న ముందుగా క్రిందికి చేరును.

తొట్లకొండ దాటినపిమ్మట భీమిలికి ఈవలనున్న ఎర్రమట్టిదిబ్బలను గూర్చి కొంత విపులముగా చెప్పకతప్పదు. ఏలయనగా ఈ తీరమున కొండసైకిలువానిని ఎక్కువగా ఊరించునవియు, అతడు తాకకుండ విడువవలసినవియు అవియే. సుమారు ఇరువదివేల యేండ్లక్రిందట, హిమయుగము పరాకాష్ఠనందినపుడు, భూమిపై నీరు మంచుగా గడ్డకట్టుటవలన సముద్రమట్టము నూరు మీటర్లకుపైగా దిగిపోయెను. అట్లు బయటపడిన కడలిగర్భపు ఇసుకను గాలి ఎగరవేసి కొండలపాదమున పోగుచేసెను. ఆ ఇసుకలోని ఇల్మెనైటు, గార్నెట్టు వంటి ఇనుపఖనిజములు కాలక్రమమున శిథిలమై ప్రతిరేణువునకును తుప్పురంగు పూతపూసినవి. పిదప వాననీరు దానిని కోసి కోసి, గోడలవంటి గట్లతో, మలుపులతో, శిఖరములతో కూడిన చిత్రమైన లోయలుగా చెక్కినది. దక్షిణాసియాలో ఇట్టి నిక్షేపములు తమిళనాడు, శ్రీలంక తీరములందు మాత్రమే మరల కానవచ్చును. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ ఈ దిబ్బలను భూవారసత్వ స్థలముగా గుర్తించినది.

ఆ లోయల మెలికలను చూచిన సైకిలువాని కాలు పెడలుపై నిలువనొల్లదు. ఐనను ఆ మట్టి పేరునకు మట్టియేగాని నిజమునకు ఇసుక; రేణువులను కలిపియుంచు బంకమన్ను అందు కొద్దిగానే యుండుటచే చేతితో నలిపినను రాలును. వాలుమీద టైరు గీచిన గాడి తొలకరికి కాలువయగును, ఆ కాలువ మరుసటి వానలకు గండియగును. చిత్రనిర్మాతలు, విహారయాత్రికులు, చుట్టును విస్తరించుచున్న నిర్మాణములు ఇదివరకే ఆ దిబ్బలను తగినంత నలిపియున్నవి. కావున సైకిలును అంచుననే నిలిపి, నడచిపోయినవారి అడుగుజాడలలోనే నడచి చూచివచ్చుట ఉత్తమము. క్రీడాస్వాతంత్ర్యము పేరుచెప్పి దీనిని కాదనువారు ఉందురు. వారితో నాకు పొత్తు కుదరదు.

భీమిలిలో గోస్తనీనది సముద్రమున కలియును. అనంతగిరికొండలలో పుట్టి, బొర్రాగుహల మీదుగా వచ్చిన ఈ చిన్నయేరు ఒడ్డున పదునేడవ శతాబ్దమున డచ్చి ఈస్టిండియా కంపెనీవారు వస్త్రవ్యాపారమునకై స్థావరమేర్పరచుకొనిరి. 1825లో ఊరు ఆంగ్లేయుల వశమయ్యెను. డచ్చివారి శ్మశానమున సూదిమొనగా పైకిలేచిన గోరీలు నేటికిని కలవు. ఉప్పుగాలికి వానిపై అక్షరములు తినబడుచున్నవి. ఊరికి మీదనున్న పావురాళ్లకొండ ఎక్కినచో నరసింహస్వామి ఆలయమును, బౌద్ధుల నీటితొట్లును ఒకేచోట చూడవచ్చును. మెట్లున్న భాగమున సైకిలును భుజముపై మోయుటకు సిద్ధపడవలెను.

తిరుగుప్రయాణమున రోడ్డు విసుగనిపించినవారు పాటువేళ ఇసుకపై తొక్కవచ్చును. నీరు తీసిన తడియిసుక గట్టిగా నుండును. పొడియిసుకలో లావుటైరైనను కూరుకుపోవును. శీతకాలమునుండి వేసవి మొదటివరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు పొడియిసుకలోనే గుడ్లు పాతిపెట్టును గనుక, తడిని వీడకుండుట మనకును వానికిని మేలు. జాలరులు ఆరవేసిన వలలపై చక్రము పోనీయరాదు. అది ఒక కుటుంబపు పెట్టుబడి. వేసవిలో నైరృతిగాలి భీమిలివైపు తోసి, మరలివచ్చునప్పుడు రొమ్ముపై కొట్టును. అనుభవములేనివారు బలమంతయు పోకడలోనే వెచ్చించి రాకడలో బిక్కమొగము వేయుదురు. దారిపొడవున సర్కారుతుమ్మ ముల్లు తప్పదు గనుక పంక్చరు సామాను, చిన్నపంపు వెంట నుండవలెను.

పురావస్తుశాఖ, అటవీశాఖ, పర్యాటకశాఖ మూడును కూడి, చక్రములు పోదగిన బాటలకు గుర్తురాళ్లు నాటించి, పోరాని చోట్లకు కంచెవేయించినచో ఈ తీరము దేశములోని మేలైన సైకిలుదారులలో ఒకటి కాగలదు. అందుకొరకు ఈ దారిన తిరుగువారే ముందుగా అర్జీ పెట్టవలెను. అంతవరకు పోదలచినవారు మార్గశిర పుష్యమాసములలో వేకువనే బయలుదేరి, ఎండముదరకముందే భీమిలి చేరుడు. ఇల్లు చేరినవెంటనే గొలుసును మంచినీటితో కడిగి, తుడిచి, నూనె వేయుడు. విశాఖ ఉప్పుగాలి ఏ కంపెనీ ఉక్కునైనను ఉపేక్షింపదు.