వారానికో పాఠం... ఏడాదికో అర్థం

కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్లు డాబా చుట్టూ పిట్టగోడ కట్టి తీరాలి. కట్టకపోతే, పైనుంచి ఎవరైనా పడి చనిపోతే ఆ పాపం ఇంటివాళ్లదే!

ఇదేదో మున్సిపాలిటీవారి నోటీసు అనుకుంటే పొరపాటే. యూదుల పవిత్ర గ్రంథం ‘తోరా’లోని నియమం. రెండున్నర వేల ఏళ్లు దాటినా దీన్ని ఇప్పటికీ ఏటా చదువుతారు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఒక శనివారం ఉదయం జెరూసలేంలో, న్యూయార్క్‌లో, బ్యూనస్ ఎయిరిస్‌లో, మన ముంబయిలో... సినగాగ్ ఎక్కడుంటే అక్కడ ఆ రోజు వినిపించేది ఇదే. ప్రార్థన ముగించుకుని ఇంటికొచ్చాక భోజనాల దగ్గర అసలు చర్చ మొదలవుతుంది. ‘మనం ఉండేది అపార్ట్‌మెంట్‌లో. మనకు సొంత డాబాయే లేదు. మరి మన పిట్టగోడ ఏది?’

ఒకరు హెల్మెట్ అంటారు. ఇంకొకరు చిన్నపిల్లలకు అందకుండా పెట్టాల్సిన మందుల పెట్టె అంటారు. పిల్లాడి చేతిలోని ఫోన్‌కు కూడా ఒక పిట్టగోడ ఉండాలి కదా అంటుంది అమ్మ. ఇలా అర్థాన్ని విస్తరించుకోవడం ఈనాటిది కాదు. 12వ శతాబ్దపు మహా పండితుడు, వైద్యుడు మైమోనిడిస్ ఈ నియమం డాబాతో ఆగిపోదన్నాడు. పెరట్లో మూతలేని బావి దగ్గర్నుంచి ప్రాణం మీదికి తెచ్చే ప్రతిదానికీ ఇది వర్తిస్తుందని అప్పుడే రాశాడు.

పాత మాటను పట్టుకుని ఇవాళ్టి ఇంటిని చూసుకోవడం... యూదు కుటుంబాల్లో ఇది వారం వారం జరిగే పని.

యాభై నాలుగు భాగాలు

తోరా అంటే బైబిల్లోని మొదటి ఐదు పుస్తకాలు. ఆదికాండంతో మొదలై ద్వితీయోపదేశకాండంతో ముగుస్తుంది. దాన్ని 54 భాగాలు చేశారు. ఒక్కో భాగాన్ని ‘పరాషా’ అంటారు. ప్రతి పరాషాకూ ఒక పేరుంటుంది. పిట్టగోడ ప్రస్తావన ఉన్నదాని పేరు ‘కీ తేత్సే’. వారానికో పరాషా చొప్పున చదువుకుంటూ పోతే ఏడాదికి గ్రంథం మొత్తం పూర్తవుతుంది. ఒకప్పుడు ఉత్తరాల మీద తేదీకి బదులు ‘ఫలానా పరాషా వారంలో బుధవారం’ అని రాసుకునేవాళ్లు కూడా.

మరి ఏడాదికి 54 వారాలు ఉండవు కదా? దానికీ లెక్క ఉంది. మన పంచాంగంలో లాగే యూదుల క్యాలెండర్‌లోనూ చాంద్రమాన మాసాలే. రుతువులతో పొంతన కుదరడానికి వాళ్లకూ అధిక మాసం ఉంటుంది. 19 ఏళ్లలో ఏడుసార్లు వస్తుంది. అధిక మాసం వచ్చిన ఏడాది వారాలు ఎక్కువ కాబట్టి చాలావరకు వారానికో భాగం. రాని ఏడాది కొన్ని వారాల్లో రెండేసి భాగాలు కలిపి చదివేస్తారు.

చదివేది అచ్చు పుస్తకం నుంచి కాదు. తోలు మీద లేఖకుడు చేత్తో రాసిన పొడవాటి చుట్ట నుంచి. సంప్రదాయం ప్రకారం అందులో 3,04,805 అక్షరాలు. ఒక్క అక్షరం లోపించినా సరిచేసేదాకా ఆ చుట్ట చదవడానికి పనికిరాదు. అందులో అచ్చుల గుర్తులు ఉండవు, రాగం గుర్తులు ఉండవు. చదివేవాళ్లు అవన్నీ ముందే కంఠతా పట్టాలి. వేలు తగలకుండా, కొసన చెయ్యి ఆకారమున్న పుల్లతో ఒక్కో పదాన్నీ చూపిస్తూ చదువుతారు.

అందరికీ అర్థం కావాలన్న తపన కూడా పాతదే. జనం హీబ్రూ మరిచిపోయి అరమాయిక్ మాట్లాడుతున్న కాలంలో, చదివేవాడి పక్కన ఒక అనువాదకుడు నిలబడేవాడు. ఒక్కో వాక్యానికీ అక్కడికక్కడే జనం భాషలో అర్థం చెప్పేవాడు. నాలుగు వందల ఏళ్ల కిందట తూర్పు ఐరోపాలో హీబ్రూ రాని ఆడవాళ్ల కోసం, వాళ్లు ఇంట్లో మాట్లాడుకునే యిడ్డిష్ భాషలో వారం వారం భాగాల్నీ కథలతో కలిపి ఒక పుస్తకమే వచ్చింది. పేరు ‘త్సేనె రేనె’. తరతరాల అమ్మలు, అమ్మమ్మలు శనివారం మధ్యాహ్నం దాన్ని ముందేసుకుని కూర్చునేవాళ్లు.

పోస్టులో వచ్చే ప్రశ్నలు

ఈ వారపు చదువును సామాన్యుల దగ్గరికి చేర్చినవాళ్లలో ఒక టీచరమ్మ గురించి చెప్పుకోవాలి. నెహామా లీబోవిట్జ్. 1905లో రీగాలో పుట్టారు. జర్మనీలో చదువుకుని 1930లో పాలస్తీనా వెళ్లి స్థిరపడ్డారు. 1942 నుంచి ఆమె వారం వారం ఒక కాగితం తయారుచేసి పోస్టులో పంపేవారు. అందులో ఉపన్యాసం ఉండదు. ఆ వారం పరాషా మీద ప్రశ్నలుంటాయి, అంతే. ‘ఈ ఒక్క పదం ఇక్కడ ఎందుకుంది? ఇద్దరు పండితులు రెండు రకాలుగా చెప్పారు, వాళ్ల తేడా ఎక్కడొచ్చింది?’... ఇలా. కష్టమైన ప్రశ్న పక్కన ఒక ఇంటూ గుర్తు. మరీ కష్టమైతే రెండు!

రైతులు, గృహిణులు, సైనికులు, నర్సులు జవాబులు రాసి పంపేవాళ్లు. ఆమె వాటిని స్వయంగా దిద్ది తిరుగు టపాలో పంపేవారు. ఒకటీ రెండూ కాదు, 1971 దాకా దాదాపు 30 ఏళ్లు ఆ కాగితాలు వెళ్తూనే ఉన్నాయి. 1956లో ఇజ్రాయెల్ ప్రభుత్వం ఆమెకు దేశ అత్యున్నత పురస్కారం ‘ఇజ్రాయెల్ ప్రైజ్’ ఇచ్చింది. అయినా ఆమెకు ఇష్టమైన హోదా ఒక్కటే... ‘టీచర్’. 1997లో కన్నుమూశాక సమాధి మీద పేరు పక్కన చెక్కిందీ ఆ మాటే.

ఇప్పుడు ఆ పని ఎన్నో రూపాల్లో జరుగుతోంది. ఇజ్రాయెల్‌లోని సినగాగుల్లో శుక్రవారానికల్లా ఉచిత కరపత్రాలు దొంతర్లుగా వచ్చి పడతాయి. బ్రిటన్‌లో 1991 నుంచి 2013 దాకా ప్రధాన రబ్బీగా ఉన్న జొనాథన్ శాక్స్ వారం వారం రాసిన వ్యాసాల్ని దేశదేశాల్లో చదివారు. 2020లో ఆయన మరణించాక కూడా అవి చదువరులకు అందుతూనే ఉన్నాయి. పాడ్‌కాస్టులు, ఫోన్ యాప్‌లు సరేసరి. కానీ సంప్రదాయం పాటించే ఇళ్లలో శుక్రవారం పొద్దుగూకిన దగ్గర్నుంచి శనివారం చీకటిపడేదాకా ఫోన్ ముట్టుకోరు. అందుకే కాగితానికి అక్కడ ఇంకా విలువుంది... ఎదురుగా కూర్చున్న మనిషికి కూడా!

పదమూడేళ్లకు పరీక్ష

యూదు కుర్రాడికి పదమూడేళ్లు నిండితే ‘బార్ మిత్స్వా’ చేస్తారు. ఆ రోజు అందరి ముందూ తోరా చదవాలి, దాని మీద నాలుగు మాటలు సొంతంగా చెప్పాలి. అయితే ఏ భాగం అన్నది వాడి చేతుల్లో ఉండదు. పుట్టినరోజు ఏ వారంలో పడితే ఆ వారంలో ఉన్నదే చదవాలి. నోవహు ఓడ కథ వచ్చినవాడు అదృష్టవంతుడు. లేవీయకాండంలోని ‘తజ్రియా’, ‘మెత్సోరా’ భాగాలు వచ్చినవాడు మాత్రం తల పట్టుకుంటాడు. వాటి నిండా చర్మం మీద మచ్చలు, బట్టలకు బూజు, గోడలకు చెమ్మ! మచ్చ కనిపిస్తే యాజకుడు వచ్చి చూడాలి. అనుమానముంటే ఏడు రోజులు విడిగా ఉంచాలి. మళ్లీ చూడాలి. జబ్బని తేలితే ఆ మనిషి జనావాసం బయట ఒంటరిగా ఉండాలి.

దీన్ని ఈ కాలానికి ఎలా ముడిపెట్టాలి? 2020 ఏప్రిల్ 25న ఆ ప్రశ్నే లేకుండా పోయింది. ఆ శనివారం వంతు వచ్చిన భాగాలు సరిగ్గా ఇవే. కరోనా భయంతో చాలా దేశాల్లో సినగాగులకు తాళాలు పడ్డాయి. జనం ఇళ్లలో కూర్చుని, మనిషిని విడిగా ఉంచడం గురించి చదువుకున్నారు. అంతకుముందు ఏడాది ఆవులిస్తూ విన్నవాళ్లకు కూడా ఈసారి ఒక చిన్న వివరం గుచ్చుకుంది. జబ్బు తగ్గిందో లేదో చూడటానికి రోగి ఊళ్లోకి రావక్కర్లేదు. యాజకుడే ఊరు దాటి అతని దగ్గరికి వెళ్లాలి. విడిగా ఉంచడం ఎంత నియమమో, వెళ్లి పలకరించి వెనక్కి తీసుకురావడం కూడా అంతే నియమం.

పాత రబ్బీలు ఈ మచ్చల్ని మరోలా కూడా చూశారు. ఇది చాడీలు చెప్పినందుకు పడే శిక్ష అన్నారు. తమ్ముడు మోషే గురించి చెడుగా మాట్లాడిన మిర్యాముకు ఇలాగే మచ్చలు వచ్చాయన్న కథే అందుకు ఆధారం. నోరు జారితే ముగ్గురికి నష్టమని... అన్నవాడికి, విన్నవాడికి, ఎవరి గురించి అన్నారో వాళ్లకి... తాల్ముద్ చెబుతుంది. ఫార్వర్డ్ మెసేజీల కాలంలో పదమూడేళ్ల పిల్లలకు ఇంతకన్నా దగ్గరి పాఠం ఏముంటుంది!

ఈ అవకాశం చాలాకాలం మగపిల్లలకే ఉండేది. 1922 మార్చి 18న న్యూయార్క్‌లో రబ్బీ మోర్దెకాయ్ కప్లాన్ తన పన్నెండేళ్ల కూతురు జుడిత్‌తో అందరి ముందూ చదివించారు. అమెరికాలో ఆడపిల్లకు జరిగిన తొలి ‘బాత్ మిత్స్వా’గా దాన్నే చెబుతారు. నిజానికి ఆడపిల్లలు నిలబడి అడగడం తోరాలోనే ఉంది. సంఖ్యాకాండంలో సెలోపెహాదు కూతుళ్లు ఐదుగురు మోషే ముందు నిలబడి, కొడుకుల్లేని తమ తండ్రి వాటా తమకు రావాలంటారు. వాళ్లు అడిగింది న్యాయమేనని దేవుడే చెప్పినట్టు ఆ కథ. ఆస్తి గొడవలు తెలిసిన ఏ ఇంట్లోనైనా ఆ వారం చర్చ తొందరగా ముగియదు.

మింగుడుపడని మాటలు

అన్నీ పిట్టగోడలంత తేలిగ్గా ఒప్పుకునేవి కావు. అదే ‘కీ తేత్సే’లో కూలీకి పొద్దుగూకకముందే డబ్బులివ్వమని ఉంది. అప్పిచ్చినవాడు తాకట్టు వస్తువు కోసం బాకీదారు ఇంట్లోకి జొరబడకూడదని, గుమ్మం బయటే నిలబడాలని ఉంది. వసూలు ఏజెంట్లు గొడవ చేసే రోజుల్లో ఎవరికైనా నచ్చే మాటలే. కానీ కొన్ని వాక్యాల ముందు, తల్లిదండ్రుల మాట వినని మొండి కొడుకును ఊరి పెద్దల ముందుకు తెచ్చి రాళ్లతో కొట్టి చంపమనీ ఉంది!

ఎదురుగా పదిహేనేళ్ల కొడుకు కూర్చుని ఉండగా ఏం చెబుతారు? పాత రబ్బీలకూ ఇదే ఇబ్బంది వచ్చింది. ఆ మాటల్ని చెరిపేయలేదు. కానీ ఒక్కో పదానికీ ఒక్కో షరతు పెట్టుకుంటూ పోయారు. రబ్బీ యెహూదా అయితే, ఆ కుర్రాడి తల్లీ తండ్రీ గొంతులోనూ రూపంలోనూ ఎత్తులోనూ ఒకేలా ఉంటేనే శిక్ష చెల్లుతుందన్నాడు. అలాంటి జంట ఎక్కడ దొరుకుతుంది? చివరికి, ఇలాంటి కొడుకు ఎన్నడూ లేడు, ఉండబోడు అని తాల్ముద్‌లో ఒక అభిప్రాయం నమోదైంది. మరి ఎందుకు రాసినట్టు? కూర్చుని చదివి ఆలోచించడానికట! నేను స్వయంగా అలాంటివాడి సమాధి మీద కూర్చున్నానని అడ్డం తిరిగిన రబ్బీ మాటనూ అక్కడే రాసిపెట్టారు.

గ్రంథాన్ని ఇవాళ్టి బతుకుతో ముడిపెట్టడంలో ప్రమాదమూ ఇదే. ఎవరికి కావాల్సింది వాళ్లు ఏరుకోవచ్చు. రాజకీయానికి వాడుకోవచ్చు. వారం వారం వరసగా చదవడం దానికి కొంతవరకు పగ్గం వేస్తుంది. నచ్చిన పేజీ తెరిచే వీలుండదు. నచ్చనిదీ వంతు వచ్చినప్పుడు చదవాల్సిందే, సమాధానం వెతుక్కోవాల్సిందే. శాపాల చిట్టా వచ్చే వారం చాలాచోట్ల దాన్ని గొంతు తగ్గించి గబగబా చదువుతారు. వదిలేయరు మాత్రం!

చేబ్రోలు పక్కన...

ఈ వారపు లెక్క తెలుగు నేలకు పూర్తిగా కొత్తేమీ కాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో ‘బెనె ఎఫ్రాయిము’ పేరుతో ఒక చిన్న సమాజం ఉంది. తెలుగు మాట్లాడే దళిత కుటుంబాలు. చెదిరిపోయిన ఇజ్రాయెల్ గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము వంశం తమదని వాళ్ల విశ్వాసం. 1990ల తొలినాళ్ల నుంచి అక్కడ సినగాగ్ ఉంది. శనివారం విశ్రాంతి దినం. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు వీరిమీద 2013లో ఒక పుస్తకం తెచ్చారు.

ఆ ఎఫ్రాయిము పేరు ప్రతి శుక్రవారం రాత్రి ఎన్నో యూదు ఇళ్లలో వినిపిస్తుంది. కొడుకుల తల మీద చెయ్యి పెట్టి, ఎఫ్రాయిము, మనష్షేల్లా ఉండమని దీవిస్తారు. ఆదికాండం చివరి పరాషాలో తాత యాకోబు ఆ మనవళ్లను దీవించిన తీరు అది. అంతమంది పెద్దలుండగా వీళ్లే ఎందుకు? దీనికి చాలామంది చెప్పే కారణం ఒకటుంది. ఆదికాండంలో కయీను, హేబెలు దగ్గర్నుంచి యాకోబు, ఏశావు, ఆ తర్వాత యోసేపు, అతని అన్నలు... అందరివీ అన్నదమ్ముల తగాదాలే. తాత తమ్ముణ్ని ముందుకు తెచ్చినా గొడవపడినట్టు ఎక్కడా లేని తొలి అన్నదమ్ములు ఈ ఇద్దరే!

మళ్లీ మొదటికి

సెప్టెంబరు, అక్టోబరులో వచ్చే ‘సింహత్ తోరా’ పండుగనాడు చివరి భాగం చదువుతారు. నెబో కొండ మీద నిలబడి మోషే కనాను దేశాన్ని కళ్లారా చూస్తాడు. అందులో అడుగుపెట్టకుండానే కన్నుమూస్తాడు. గ్రంథం అక్కడితో అయిపోతుంది. చుట్టల్ని ఎత్తుకుని చిన్నా పెద్దా నాట్యం చేస్తారు. అదే పూట మరో చుట్ట విప్పి సృష్టి కథ మొదలుపెడతారు. మధ్యలో ఒక్కరోజు కూడా విరామం ఉండదు.

మళ్లీ ఏడాది తిరిగేసరికి పిట్టగోడ వారం వస్తుంది. అక్షరం మారదు. కానీ పోయినేడు మాట వినని కొడుకుగా కూర్చున్నవాడు ఈసారి హాస్టల్ నుంచి సెలవుకొచ్చి ఉంటాడు. మందుల పెట్టె గురించి చెప్పిన తాతయ్య కుర్చీ ఖాళీగా ఉండొచ్చు. కొత్తగా ఊయలలో ఒక పాపాయి ఉండొచ్చు. ప్రశ్న మాత్రం అదే... ఈ ఏడాది మన పిట్టగోడ ఏది?