పాంపే నగరం చూడబోతున్నారా?

మీకొక పని అప్పజెబుతాను. ఒక తెల్లకాగితం తీసుకుని, ఇటలీ దేశంలోని పాంపే నగరానికి ఒకరోజు యాత్రకు ప్రణాళిక వేయండి. ఏ వేళకు చేరాలి, ఏ ద్వారంలోంచి లోపలికి పోవాలి, ఏ వస్తువు ముందు ఎంతసేపు నిలబడాలి, అన్నీ రాయాలి. "అంత దూరం వెళ్ళినప్పుడు చూద్దాం లెండి, మాస్టారూ!" అంటారేమో. మీలో కొందరు చదువులకో ఉద్యోగాలకో ఐరోపా వెళ్ళే రోజు రాకపోదు. పైగా ఈ ప్రణాళిక వేయడానికి టికెట్టు అక్కరలేదు, సైన్సు పాఠాలు గుర్తుంటే చాలు. ఏం చూడాలో తెలియకుండా వెళ్ళినవాళ్ళు ఆ వీధుల్లో రెండు గంటలు ఎండన పడి తిరిగి, "అన్నీ మొండిగోడలే" అని పెదవి విరుస్తారు.

అసలు ఆ మొండిగోడలు మిగలడమే వింత. ప్రపంచంలో పాతపట్టణాలు ఎన్నో ఉన్నాయి. జనం వాటి రాళ్ళు పీక్కుపోయి కొత్త ఇళ్ళు కట్టుకున్నారు, వానలు మిగిలినవాటిని కడిగేశాయి. పాంపే మాత్రం క్రీ.శ. 79లో ఒక్కసారిగా భూమిలోకి పోయింది. ఎలా పోయిందో తెలిస్తేనే మీరు లోపల చూసేది అర్థమవుతుంది. కాబట్టి ప్రణాళికలో మొదటి పేజీ ఆ కథకే కేటాయించండి.

పాంపేకు వాయవ్యంగా వెసూవియస్ అనే అగ్నిపర్వతం ఉంది. అది పేలినప్పుడు వాయువులు, బూడిద, రాళ్ళు కలిసి సుమారు 30 కిలోమీటర్ల ఎత్తుకు స్తంభంలా లేచాయి. పదిహేడేళ్ళ కుర్రవాడొకడు సముద్రపు పాయకు ఆవలి ఒడ్డునుండి దాన్ని చూసి, పైన కొమ్మలు విచ్చుకున్న పైన్ చెట్టులా ఉందని తరువాత ఉత్తరంలో వర్ణించాడు. అతడే చిన్న ప్లినీ. అతని మేనమామ పెద్ద ప్లినీ ఓడలు వేసుకుని అటువైపు వెళ్ళి అక్కడే చనిపోయాడు. ఈ పెద్ద ప్లినీని గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరమవుతాడు.

పాంపే మీద మొదట పడింది లావా కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. పడింది నురగరాయి. వాయువుల బుడగలతో నిండి, నీటిమీద తేలేటంత తేలికైన రాయి అది. సుమారు 18 గంటలపాటు కురిసి 2.8 మీటర్ల మందాన పేరుకుంది. లెక్క కట్టండి, గంటకు 15 సెంటీమీటర్లకు పైమాటే. తేలికరాయే కదా అనుకోకండి. నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు ఉన్న ఇంటికప్పు మీద 40 సెంటీమీటర్ల మందాన నురగరాయి పేరుకుందనుకుందాం. ఘనపు మీటరుకు 500 కిలోలని వేసుకున్నా, కప్పు మోసే బరువు 3,200 కిలోలు! దీనికి మూడు గంటలు పట్టదు. అందుకే ఇళ్ళలో దాక్కున్నవారు కప్పులు కూలి చనిపోయారు. వెంటనే ఊరు విడిచినవారిలో చాలామంది బతికి ఉంటారు.

మర్నాడు ఉదయం రెండో ఘట్టం. ఆకాశంలోని స్తంభం కుప్పకూలి, వందల డిగ్రీల వేడిగల వాయువూ మెత్తని బూడిదా కలిసి కొండ వాలున నేల పట్టుకుని దూసుకువచ్చాయి. దానిముందు పరుగెత్తి తప్పించుకోవడం ఎవరి తరమూ కాదు. ఊళ్ళో మిగిలినవారు ఆ ఉదయమే అంతమయ్యారు.

ఇప్పుడొక ప్రశ్న. నురగరాయి పొరలో దొరికినవారి ఎముకలు మాత్రమే కనిపిస్తాయి. బూడిదపొరలో దొరికినవారి ముఖకవళికలు, బట్టల మడతలు కూడా తెలుస్తాయి. ఎందుకని? గులకరాళ్ళ కుప్పలో చేయిపెట్టి తీయండి, రాళ్ళు జారి గుంట పూడిపోతుంది. తడి బంకమట్టిలో చేయి అదిమి తీయండి, గీతలతో సహా అచ్చు మిగులుతుంది. మెత్తని బూడిద శరీరాల చుట్టూ గట్టిపడింది. లోపలి మాంసం కాలక్రమాన కుళ్ళిపోయి బోలు మిగిలింది. 1863లో తవ్వకాల అధికారి జుసెప్పే ఫియొరెల్లి ఆ బోలులోకి సున్నపు ముద్దలాంటి ప్లాస్టర్ పోయించాడు. అది గట్టిపడ్డాక చుట్టూ ఉన్న బూడిద తొలగిస్తే, చివరి క్షణంలో ఎలా పడిపోయారో అలాగే మనుషులు బయటపడ్డారు.

ఇది మీ బడిలోనూ చేసి చూడవచ్చు. కొవ్వొత్తి మైనంతో చిన్న బొమ్మ చేసి, బంకమట్టిలో కప్పి, మైనం కారడానికి ఒక రంధ్రం ఉంచి నీడన ఆరబెట్టండి. ఆరాక పెద్దవాళ్ళ సాయంతో, రంధ్రం కిందివైపుకు ఉండేలా పట్టి, నిప్పుల సెగకు మైనం కరిగించి పళ్ళెంలోకి కార్చండి. చల్లారాక ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి, మరునాడు మట్టి పగలగొట్టండి. ఫియొరెల్లి చేసింది అదే. విల్‌హెల్మినా జషెమ్‌స్కీ అనే అమెరికన్ చరిత్రకారిణి ఈ కిటుకునే చెట్లకు వాడింది. వేళ్ళు కుళ్ళి మిగిలిన బోళ్ళలో సిమెంటు పోయించి, ఆ వేళ్ళ ఆకారాన్నిబట్టి ఒకప్పుడు ద్రాక్షతోట ఉన్న చోటును గుర్తించింది.

అచ్చులను చూసేటప్పుడు కథలు అల్లుకోకుండా ఉండటం కష్టం. బంగారు కంకణం వేసుకుని ఒళ్ళో బిడ్డతో ఉన్న ఒక అచ్చును చాలాకాలం తల్లీబిడ్డలుగానే చెప్పుకున్నారు. ఎముకల్లోని డి.ఎన్.ఎ.ను పరీక్షించి 2024లో ప్రకటించిన ఫలితాల ప్రకారం ఆ 'తల్లి' ఒక మగవాడు, బిడ్డకు రక్తసంబంధీకుడు కూడా కాడు. గైడు చెప్పే ప్రతి కథ దగ్గరా "ఇది ఎలా తెలిసింది?" అని అడగండి. పేలుడు జరిగిన తేదీ సంగతీ అంతే. ఆగస్టు 24 అని పుస్తకాల్లో చదువుతాం. 2018లో ఒక ఇంటి గోడమీద బొగ్గుతో రాసిన రాత బయటపడింది. అందులో మన లెక్కన అక్టోబరు 17 అనే తేదీ ఉంది. వానకో తడికో ఇట్టే చెరిగిపోయే బొగ్గురాత ఏడాదిపాటు నిలుస్తుందా? అందుకని అక్టోబరులోనే పేలిందని కొందరు శాస్త్రజ్ఞులు అంటున్నారు. కానీ ఆ రాతలో ఏ సంవత్సరమో లేదు. తగువు ఇంకా తీరలేదు.

సరే, ఇక లోపలికి పోదాం. నేపుల్స్ నగరం నుండి సొరెంటో వైపు పోయే చిన్న రైలు సుమారు నలభై నిమిషాల్లో పాంపే స్కావి స్టేషన్‌లో దింపుతుంది. స్టేషన్ పక్కనే మెరీనా ద్వారం. పాతనగరం సుమారు 66 హెక్టార్లు, అంటే 160 ఎకరాలకు పైనే. అంతా ఒక్కరోజులో చూద్దామనుకుంటే ఏదీ చూడలేరు. ఎండకాలం మధ్యాహ్నాలు వద్దు. వీధుల్లో నీడ దాదాపు ఉండదు, ఏప్రిల్‌గానీ అక్టోబరుగానీ మేలు. తాగునీటి కొళాయిలున్నాయి కనుక ఖాళీ సీసా ఉంటే చాలు. నున్నటి అడుగున్న చెప్పులతో ఆ నల్లరాతి బాటలమీద నడవడం నడుముకు మంచిది కాదు. రోజుకు 20,000 మందినే లోపలికి పంపాలని 2024 నవంబరు నుండి నియమం పెట్టారు, టికెట్టు మీద మీ పేరు ఉండాలి. అందుచేత ముందుగానే కొనుక్కోవాలి.

మొదట నేల చూడండి. వీధికి అడ్డంగా ఎత్తైన రాళ్ళు వరుసగా కనిపిస్తాయి. వీధిలో వాననీరు, మురుగునీరు పారేవి గనుక పాదాలు తడవకుండా దాటడానికి అవి మెట్లు. రాళ్ళ మధ్య ఖాళీలో బండిచక్రాలు పట్టేవి. పక్కనే రాతిలో లోతైన చక్రాల గాళ్ళున్నాయి. వేలుతో కాదు, కళ్ళతో కొలవండి. రెండు గాళ్ళ మధ్య దూరం చాలాచోట్ల ఒకేలా ఉంటుంది. దాన్నిబట్టి బండి ఇరుసు పొడవు ఎంతో మీరే చెప్పగలరు.

తరువాత నీళ్ళు. నగరంలో ఎత్తైన చోటు ఉత్తరాన వెసూవియస్ ద్వారం. కాలువనీరు అక్కడికి చేరి, సీసపు గొట్టాల్లో ఊళ్ళోకి దిగేది. దక్షిణపు ద్వారానికి వచ్చేసరికి నేల 30 మీటర్లకు పైగా పల్లం. ప్రతి 10 మీటర్ల నీటి ఎత్తుకూ ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుందని మీరు చదివారు. నేరుగా గొట్టం వేస్తే కింది వీధుల్లో మూడింతల పీడనానికి అతుకులు చిట్లిపోవూ? అందుకని దారిలో అక్కడక్కడ ఇటుక స్తంభాలు కట్టి వాటిమీద సీసపు తొట్లు పెట్టారు. నీరు పైకెక్కి తొట్టిలో గాలికి తెరుచుకుని, అక్కడినుండి మళ్ళీ కిందికి దిగేది. పీడనం లెక్క మళ్ళీ మొదటినుంచి! నాకు పాంపేలో రాజప్రాసాదంలాంటి ఇళ్ళకన్నా ఈ మొండిస్తంభాలే గొప్పగా తోస్తాయి. యాత్రికులు వాటిపక్కనుండి తలెత్తకుండా పోతారు.

ఫోరం అనే పెద్ద చౌకు పక్కన స్నానశాల ఉంది. వేడినీళ్ళ గదిలోకి వెళ్ళి పైకి చూడండి. కప్పు సొరంగంలా వంపు తిరిగి, వంపు వెంబడి గాళ్ళు గాళ్ళుగా ఉంటుంది. అందానికని అనుకుంటారు. ఆవిరి చల్లని కప్పుకు తగిలి నీటిబొట్లవుతుంది గదా! ఆ బొట్లు స్నానం చేసేవారి నెత్తిన రాలకుండా గాళ్ళవెంట గోడలమీదికి జారిపోతాయి. నేలకింద చిన్న దిమ్మలమీద ఇంకో నేల కట్టి, మధ్య ఖాళీలోకి పొయ్యిలోని వేడిగాలిని పంపేవారు. గోడల్లో కూడా ఆ గాలికి దారులున్నాయి.

అక్కడికి కొద్ది దూరంలో రొట్టెల బట్టీ. అగ్నిపర్వతపు నల్లరాతితో చేసిన తిరగళ్ళు మన ఇంట్లోవిలా పళ్ళేలు కావు, నడుము సన్నని డమరుకాల్లా ఉంటాయి. గాడిదలు వాటిచుట్టూ తిరిగేవి. ఒక బట్టీలో పొయ్యిలో పెట్టిన 81 రొట్టెలు మాడి బొగ్గై అలాగే దొరికాయి. వీధి మూలల్లో పూటకూళ్ళ అంగళ్ళున్నాయి. తాపీ కట్టిన గట్టులో పెద్ద కుండలు పాతి ఉంటాయి. 2020లో వెలికితీసిన ఒక అంగడిలో కుండల అడుగున బాతు, మేక, పంది, చేప, నత్తల అవశేషాలు దొరికాయి.

తూర్పు చివర క్రీడా రంగస్థలం చూసి, అటు దక్షిణంగా తోటలో వరుసగా ఉన్న పదమూడు అచ్చుల దగ్గర కాసేపు నిలబడండి. పిల్లలూ ఉన్నారు అందులో. ఫోటోకు నవ్వుతూ నిలబడే చోటు కాదది.

ఇప్పుడు మీ ప్రణాళికలో చాలామంది రాయని పేజీ. పాంపే రెండోసారి చచ్చిపోతోంది. బూడిద కింద దానికి గాలి, వెలుతురు, వాన తగల్లేదు. 1748లో తవ్వకాలు మొదలయ్యాక అన్నీ తగులుతున్నాయి. నేలలోని నీరు సన్నని రంధ్రాలగుండా గోడల్లోకి ఎగబాకుతుంది, దానితో కరిగిన లవణాలూ వస్తాయి. నీరు ఆవిరైపోయి లవణం స్ఫటికాలుగా గడ్డకట్టి, రంగుల పూతను లోపలినుండి తోసేస్తుంది. మన ఊళ్ళలో చెమ్మెక్కిన గోడలమీద తెల్లగా పూసి సున్నం పెచ్చులూడడం మీరు చూసేవుంటారు, అదే ఇది. 1943లో బాంబులు కూడా పడ్డాయి. 2010 నవంబరులో వీరుల శిక్షణశాలగా చెప్పే ఒక భవనం మొత్తం కూలిపోయింది. ఆ తరువాత ఐరోపా సమాఖ్య డబ్బుతో పెద్దయెత్తున మరమ్మతులు జరిగాయి. నగరంలో మూడోవంతును ఇంకా తవ్వలేదు. కొద్దికొద్దిగా తప్ప తవ్వడం లేదు కూడా, అధికభాగం తరువాతి తరాలకని ఉంచారు. నాకది మెచ్చదగిన పనే అనిపిస్తుంది. ఫియొరెల్లికి ముందు తవ్వినవారు ఎన్ని బోళ్ళను ఏమిటో తెలియక పగలగొట్టి ఉంటారో ఊహించండి. డి.ఎన్.ఎ. పరీక్ష మాట వందేళ్ళ క్రితం ఎవరెరుగుదురు?

అందుచేత గోడలకు ఆనుకోవద్దు, వీపుసంచి చిన్నది పెట్టుకోండి. ఒక్కొక్కరి సంచీ ఒక్క గీత గీసినా రోజుకు ఎన్ని గీతలో లెక్క మీకే వదిలేస్తున్నాను. చిన్న రాయి, పెంకు జేబులో వేసుకోవద్దు. అలా తీసుకుపోయినవారు కొందరు కష్టాలు వచ్చాక, అది శాపమని భయపడి, క్షమాపణ ఉత్తరాలతో వాటిని తిప్పి పంపుతుంటారు. శాపం మాట నమ్మనక్కరలేదు. కానీ చోటు తప్పిన పెంకు చెప్పగల సంగతి సగం పోయినట్టే. తిరిగి వచ్చినా ఏ గదిలోదో ఎవరు చెప్తారు?

వీలుంటే రెండోరోజు కూడా రాసుకోండి. పాంపేలోని మంచి చిత్రాలు, వస్తువులు చాలావరకు నేపుల్స్ పురావస్తు ప్రదర్శనశాలలో ఉన్నాయి. మాడిన రొట్టెలు కూడా. అక్కడ సుమారు జానెడు ఎత్తున్న దంతపు బొమ్మ ఒకటుంది. 1938లో పాంపేలోని ఒక ఇంట్లో దొరికింది. నగలు పెట్టుకున్న స్త్రీ, ఇరుపక్కలా చిన్న పరిచారికలు. చూస్తూనే మనదేశపు పని అని తెలుస్తుంది. లక్ష్మి అని పేరు పెట్టారు. యక్షిణి అయి ఉండవచ్చునని ఇప్పుడు పలువురు అంటున్నారు. ఇలాంటి దంతపు బొమ్మలు మహారాష్ట్రలో తేర్, భోకర్దన్ తవ్వకాల్లో దొరికాయి. తెలుగునాట కూడా అక్కడక్కడ రోమన్ నాణేలు బయటపడ్డాయి గదా. ఇందాక గుర్తుంచుకోమన్న పెద్ద ప్లినీ ఏమని వాపోయాడో తెలుసా? ఏటా అయిదు కోట్ల సెస్టర్సుల రోమన్ ధనం భారతదేశానికి పోతున్నదని! ఆయనను చంపిన కొండే ఆ వ్యాపారానికి సాక్ష్యంగా ఈ బొమ్మను దాచిపెట్టింది. ప్రదర్శనశాల మంగళవారాలు మూసి ఉంటుంది. బొమ్మ ఏ గదిలో ఉందో, ఆ గది ఏ వేళకు తెరుస్తారో లోపలికి పోగానే అడిగి తెలుసుకోండి.